అనపకాయ, సంగటి, చలికాలం: మా మెస్‌లో వినిపించే అపోహలు – వాస్తవాలు

ధనుర్మాసం మొదలైందంటే చిత్తూరులో మా మెస్‌కు వచ్చేవాళ్లు కూర్చోకముందే అడిగే మాట ఒకటే: "అక్కా, పితికిపప్పు ఉందా?" అనపగింజలు నానబెట్టి, తోలు తీసి వండేదే పితికిపప్పు. అనప అంటే మా వైపు చిక్కుడు జాతి కాయ, సొరకాయ కాదు. పితికిపప్పు లేదంటే ముఖం ముడుచుకుంటారు. మా ఊరి చలి అంత చలేమీ కాదు. తెల్లవారుజామున 18 డిగ్రీలకు దిగితే చాలు, మంకీ క్యాపులు బయటికొస్తాయి. కానీ ఈ రెండు నెలల్లో తిండి గురించి వినే మాటలు మిగతా ఏడాదంతా వినను. 14 ఏళ్లుగా పొయ్యి దగ్గర నిలబడి తెలుసుకున్నది చెబుతాను.

అపోహ: మంచు పడితేనే అనప కాస్తుంది, ఆ వాసన మంచు వల్లే వస్తుంది.

మా అత్త కూడా ఇదే అనేది. నాటు అనపకు కావలసింది మంచు కాదు, పొద్దు తగ్గడం. పగలు చిన్నదై రాత్రి పెరిగితేనే అది పూతకొస్తుంది. అందుకే వానాకాలంలో రాగి చేలో, వేరుశనగ చేలో సాళ్లు పెట్టి వేసిన అనప మార్గశిరం, పుష్యం నెలల్లో కాయలిస్తుంది. మంచు కూడా అప్పుడే పడుతుంది కాబట్టి రెండింటికీ ముడిపెట్టేశాం. పొద్దుతో పనిలేకుండా కాసే రకాలూ వచ్చేశాయి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన హెబ్బాళ్ అవరె-3, హెబ్బాళ్ అవరె-4 అలాంటివే. ఎండాకాలంలో కూడా అనపకాయ దొరుకుతోందంటే వీటి పుణ్యమే.

ఇక వాసన సంగతి. అది కాయ తొక్క మీద ఊరే జిడ్డులో ఉంటుంది. ఒక బుట్ట కాయలు వలిస్తే వేళ్లు బంకబంకగా అయిపోతాయి, సబ్బు పెట్టి కడిగినా సాయంత్రం దాకా ఆ వాసన పోదు. బస్తా బేరం చేసే ముందు రెండు కాయలు అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. చెయ్యి జిడ్డు కాకపోతే ఆ బస్తా వద్దు. పలమనేరు, పుంగనూరు వైపు పడమటి మండలాల నుంచి వచ్చే నాటు కాయకు నా లెక్కలో సాటి లేదు.

అపోహ: పితికిపప్పు తింటే గ్యాస్ తప్పదు.

ఇది సగం నిజం. మన కడుపు అరిగించుకోలేని చక్కెరలు చిక్కుడు జాతి గింజలన్నిట్లోనూ ఉంటాయి. నానబెట్టిన నీళ్లు పారబోసి, తోలు తీసి, మెత్తగా ఉడికిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. పితకడమంటే ఆ తోలు తీయడమే కదా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పట్టి నొక్కితే పప్పు టప్పున గిన్నెలోకి ఎగరాలి. ఒక్కోసారి ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం మీదికీ ఎగురుతుంది, అది వేరే విషయం.

ఒక ఏడాది బాగా చలిగా ఉన్న రాత్రి ఎప్పటిలాగే పది గంటలకు చన్నీళ్లలో గింజలు పోశాను. పొద్దున చూస్తే తోలు ఊడదే! గట్టిగా నొక్కితే పప్పు చితికిపోతోంది. ఆ రోజు పితికిపప్పు కాస్తా వంకాయ అనపగింజల కూర అయింది. చల్లటి నీళ్లలో గింజ నిదానంగా నానుతుంది. అప్పటి నుంచి చలికాలంలో సాయంత్రం ఆరుకే, గోరువెచ్చని నీళ్లలో వేస్తున్నాను.

అపోహ: రాగి చలువ, చలికాలంలో తింటే జలుబు చేస్తుంది.

జలుబు వచ్చేది వైరస్ వల్ల, రాగి పిండి వల్ల కాదు. ఎండాకాలంలో అంబలిని పులియబెట్టి, చల్లార్చి, మజ్జిగ కలిపి తాగుతాం కాబట్టి రాగికి చలువ పేరొచ్చింది. అదే పిండితో చేసిన ముద్ద, అంటే సంగటి, పొగలు కక్కుతూ పళ్లెంలోకి వస్తే, మధ్యలో గుంట చేసి నెయ్యి వేసుకుని తినేవాళ్లకు చెమట పట్టడం రోజూ చూస్తున్నాను.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు సంగటి ఎంతైనా తినొచ్చు.

దీని గురించి మాత్రం నాకు నిజంగా టెన్షన్. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. అయితే పిండి పదార్థం కూడా 65 గ్రాములకు పైనే ఉంటుంది. పైగా మెత్తగా పట్టించిన పిండి, వేడి వేడి ముద్ద, నమలకుండా మింగేయడం! రెండో ముద్ద అడిగే షుగర్ అన్నలకు నేను ముద్ద బదులు ఇంకో గరిటె పప్పు వేస్తాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

అపోహ: అసలైన సంగటిలో బియ్యం ఉండదు.

కన్నడ దేశంలో ఉత్త పిండితో చేస్తారు. మా వైపు నూకలు మెత్తగా ఉడికించి, పిండి గుట్టగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనిచ్చి, ఆ తర్వాత కట్టెతో కెలుకుతాం. రెండూ అసలైనవే. తడి వేలితో తాకితే అంటుకోకూడదు, అంతే.

అపోహ: చద్ది సంగటి చలికాలంలో పనికిరాదు.

పనికొస్తుంది. కాకపోతే చలికి పులుపెక్కదు, నీళ్లలో వేసిన ముద్ద తెల్లారినా చప్పగానే ఉంటుంది. రాత్రే ఒక గరిటె మజ్జిగ కలిపి, ఆర్పేసిన పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచండి. పొద్దున ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగొచ్చు.