గిటారు కడుపులో అల్యూమినియం గిన్నె

మా మేనల్లుడు గుంటూరు బ్రాడీపేటలో ఎవరో వాడి వదిలేసిన గిటారు ఒకటి తొమ్మిది వేలకు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని విజయవాడ తెచ్చాడు. మామూలు గిటారుకు పొట్ట మీద గుండ్రటి రంధ్రం ఉంటుంది కదా, దీనికి అక్కడ చిల్లులున్న మెరిసే రేకు బిగించి ఉంది. మా అమ్మ చూసి, "ఇదేంట్రా, ఇడ్లీపాత్ర మూతలా ఉంది?" అంది. అమ్మ సరదాకే అన్నా, అసలు సంగతికి చాలా దగ్గరగా వచ్చింది. ఆ మూత కింద నిజంగానే ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. పలికేది అదే.

"మామయ్యా, మూడో తీగ మీటితే జుయ్యిమంటోంది. అమ్మినాయన్ని అడిగితే రెజొనేటర్ గిటారు స్టయిలే అంత అన్నాడు" అన్నాడు వాడు.

స్టయిల్ కాదు, జబ్బు. తంబూరాలో తీగ కింద దారప్పోగు పెట్టి మనమే కావాలని జుమ్మనిపిస్తాం. ఆ నాదం అన్ని తీగల్లోనూ సమంగా ఉంటుంది, శ్రుతిని నింపుతుంది. ఒకే తీగ, అదీ గట్టిగా మీటినప్పుడే జుయ్యిమంటే లోపల ఏదో వదులుగా ఉందన్నమాట.

రెజొనేటర్ గిటారు పుట్టింది శబ్దం కోసం. 1920లలో అమెరికా డాన్సు హాళ్లలో ఇత్తడి బాకాల పక్కన గిటారు వినపడేది కాదు. గిటారుకు కరెంటు ఇంకా రాలేదు. మైకులు లేని రోజుల్లో మన పద్యనాటకాల వాళ్లు చివరి వరస దాకా గొంతు ఎలా విసిరేవారో, గిటారుకూ అలాంటి గొంతు కావాల్సి వచ్చింది. జార్జ్ బీచం అనే స్టీల్ గిటారు (ఒళ్లో పడుకోబెట్టి కడ్డీ జారుస్తూ వాయించేది) వాద్యకారుడు లాస్ ఏంజెలెస్‌లో స్లోవాక్ వలస కుటుంబానికి చెందిన జాన్ దోప్యెరా దగ్గరికి వెళ్లి, గ్రామఫోను బాకా తగిలించిన గిటారు చేయించుకున్నాడు. అది పనికి రాలేదు. తర్వాత దోప్యెరా మూడు పల్చటి అల్యూమినియం గిన్నెలను (వీటినే కోన్లంటారు) గిటారు పొట్టలో పెట్టాడు. 1927లో నేషనల్ కంపెనీ ఈ గిటార్లతోనే మొదలైంది. ఏడాది రెండేళ్లకే గొడవలొచ్చి దోప్యెరా బయటికొచ్చేసి, అన్నదమ్ములతో కలిసి ఇంకో రకం చేశాడు. దాని పేరు డోబ్రో: దోప్యెరా, బ్రదర్స్ రెండూ కలిసిన మాట. వాళ్ల భాషలో ఆ మాటకు 'మంచిది' అని అర్థం కూడా. బీచం ఆ తర్వాత విద్యుత్ గిటారు తొలి తయారీదారుల్లో ఒకడయ్యాడు. కరెంటు వచ్చాక శబ్దం కోసం ఈ గిన్నె గిటారు అవసరం తీరిపోయింది. ఇప్పుడు దాన్ని కొనేవాళ్లు ఆ గొంతు నచ్చి కొంటున్నారు.

గిన్నె చేసే పని చెప్పాలంటే చిన్న లెక్క చాలు. గిటారు తీగ ఒకటి 63 సెంటీమీటర్ల పొడవు, 0.3 మిల్లీమీటర్ల మందం అనుకుందాం. గాలికి ఎదురుగా ఉండే దాని వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఎంత ఊగినా గాలి పక్కనుంచి జారుకుంటుంది. తొమ్మిదిన్నర అంగుళాల కోన్ వైశాల్యం 450 చదరపు సెంటీమీటర్ల పైమాటే. తీగ కంపనం గిటారువాళ్లు బ్రిడ్జి అనీ, వీణవాళ్లు గుర్రం అనీ పిలిచే ముక్క గుండా కోన్‌కు చేరి, కోన్ గాలిని నెడుతుంది. లౌడ్ స్పీకర్‌లో అట్ట కోన్ చేసే పనే ఇదీ, కరెంటు లేదంతే. అందుకే కోన్ తేలిగ్గా ఉండాలి, బిర్రుగానూ ఉండాలి. అల్యూమినియం సాంద్రత ఘనసెంటీమీటరుకు 2.7 గ్రాములు. ఇత్తడిది దానికి మూడు రెట్లు దాటుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. మీటులో వేలు ఇచ్చిన శక్తి ఎంతో అంతే, కోన్ దాన్ని పెంచదు, త్వరగా బయటికి పంపుతుంది. కాలువ తూము పెద్దదిగా తెరిస్తే నీళ్లు ఉరకలేస్తాయి, చెరువు తొందరగా ఖాళీ అవుతుంది. రెజొనేటర్ కూడా గట్టిగా పలికి తొందరగా ఆరిపోతుంది. మన సంగీతం వాయించాలనుకునేవాళ్లు కొనేముందు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. వీణలో ఒక్క మీటుతో తీగ లాగి మూడు నాలుగు స్వరాలు పలికిస్తాం. స్లైడ్‌తో, అంటే తీగ మీద జార్చే గాజు గొట్టంతోనో లోహపు కడ్డీతోనో, గమకం రాబట్టడం రెజొనేటర్ మీద చాలా సుఖం, ఎందుకంటే జారడానికి మెడ మీది మెట్లు అడ్డం రావు. అయితే ఆ జారుడు పూర్తయ్యేదాకా నాదం మిగలాలి కదా. కాబట్టి షాపులో ఎంత గట్టిగా మోగుతోందో చూసి మురిసిపోకండి. ఒక్కసారి మీటి, స్లైడును మెల్లగా షడ్జమం నుంచి పంచమం దాకా తీసుకెళ్లండి. పంచమం చేరేసరికి వినిపించేది ఇంకా స్వరమేనా, ఉత్త గీకుడేనా? నేనైతే మొదట చేసే పరీక్ష ఇదే.

రకాలు మూడే. మూడు కోన్ల గిటారులో నాదం కాస్త నిలుస్తుంది, ధర కూడా పైనే. బిస్కెట్ రకంలో ఒకే కోన్, శిఖరం పైకి ఉంటుంది. ఆ శిఖరం మీద బిస్కెట్టంత చెక్క బిళ్ల, బిళ్ల మీద తీగలు. మీటితే ఠక్కున, కాస్త కరుకుగా పలుకుతుంది. స్పైడర్ రకంలో కోన్ వెల్లకిలా ఉంటుంది, పదిన్నర అంగుళాలు. దాని అంచు మీద ఎనిమిది కాళ్ల సాలీడు లాంటి లోహపు ముక్క కూర్చుంటుంది, నడుమ ఒక మర దాన్ని కోన్ మధ్యకు కలుపుతుంది. నాదం కాస్త ముక్కుతో పాడినట్టుగా, బిస్కెట్ కన్నా ఎక్కువసేపు ఉంటుంది. మావాడిది స్పైడర్.

ఆరు తీగల బిగువు మొత్తం కలిపితే దాదాపు 75 కిలోల బరువుతో సమానం. తీగ గుర్రం మీద 10 డిగ్రీలు వంగిందనుకుంటే, కిందికి నొక్కే బలం 13 కిలోలు. పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం ఉన్న రేకు మీద అరమూట బియ్యం రాత్రీ పగలూ ఎత్తిపెట్టి ఉంచినట్టు! స్పైడర్‌లో ఈ బరువు ఎక్కువగా కాళ్ల మీదుగా అంచుకు పోతుంది. బిస్కెట్‌లో నేరుగా శిఖరం మీదే పడుతుంది. అందుకే వాడిన బిస్కెట్ గిటారు కొనేటప్పుడు మొబైల్ టార్చి మూత చిల్లుల్లోకి వేసి, కోన్ నడుమ కుంగిందేమో చూడాలి. మొత్తానికి తీగ వంపు మరీ తక్కువైతే గుర్రం మీద అది నిలవక జీర వస్తుంది. మరీ ఎక్కువైతే కోన్ నలిగిపోతుంది.

మావాడి గిటారు విప్పాం. తీగలు వదులు చేసి, మూత మరలు తీసి, స్పైడర్‌ను బయటికి తీశాం. టీపాయ్ అద్దం మీద పెట్టి వేలితో తడితే టకటకలాడింది. ఎనిమిది కాళ్లలో ఏడే ఆనుతున్నాయి. ఆ ఎనిమిదో కాలే కోన్ అంచును మీటు మీటుకూ తట్టి జుయ్యిమంటోంది. అద్దం మీద సన్న గరుకు కాగితం పరిచి, స్పైడర్‌ను దాని మీద మెల్లగా తిప్పుతూ అన్ని కాళ్లూ సమంగా ఆనేదాకా అరగదీశాం. గంట పని. కోన్‌ను కూడా అదే అద్దం మీద బోర్లించి అంచు చూశాం, అది బాగానే ఉంది. తిరిగి బిగించేటప్పుడు నడిమి మరను మెల్లగా తిప్పి, ఆనగానే ఆపాలి. బలం చూపిస్తే కోన్ బిగుసుకుపోయి గొంతు మూగబోతుంది.

కోన్‌ను ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ మేస్త్రికి చూపించాను. గిటారు మొహం ఎప్పుడూ చూడని మనిషి. వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, గోరుతో గీసి, "ఇది స్పిన్నింగ్ కాదు సార్, ప్రెస్సులో కొట్టింది" అన్నాడు. స్పిన్నింగ్ అంటే అల్యూమినియం గిన్నెలు చేసే పద్ధతే. చదును బిళ్లను అచ్చుకు బిగించి లేత్ మీద తిప్పుతూ పొడవాటి కడ్డీతో నొక్కుకుంటూ పోతే లోహం అచ్చు మీదికి వాలుతుంది. అలా నలిగేకొద్దీ అల్యూమినియం గట్టిపడుతుంది, కాబట్టి పల్చగా ఉంచినా బిర్రుగా నిలుస్తుంది. పని చేసిన గుర్తుగా సన్నటి వలయాల గీతలు మిగులుతాయి. చవక గిటార్లలో తరచు కనిపించే ప్రెస్సు కోన్ సాధారణంగా కాస్త మందం. బరువు పెరిగితే ఎత్తు స్వరాల మెరుపు తగ్గుతుంది. నిజం చెప్పాలంటే ఇది నన్నంతగా కలవరపెట్టదు. కోన్ మార్చుకోవచ్చు, మంచివి విడిగా దొరుకుతాయి.

మెడ అలా కాదు. వడ్రంగి పలక వంకర చూసినట్టు ఒక కన్ను మూసి తల వైపునుంచి మెడ వెంట చూడండి. మూడో తీగను మొదటి మెట్టు మీద, పద్నాలుగో మెట్టు మీద ఒకేసారి నొక్కితే, మధ్యలో ఏడో మెట్టుకూ తీగకూ నడుమ విజిటింగ్ కార్డు మందం ఖాళీ ఉంటే చాలు. ముందుకో వెనక్కో వంగితే మెడలోని ఇనుప కడ్డీ తిప్పి సరిచేయొచ్చు. తాడులా మెలి తిరిగితే మాత్రం ఎంత తగ్గించినా కొనకండి. మన వేసవిలో గిటారును కారులో వదిలేస్తే జిగురు మెత్తబడి ఇలాంటివన్నీ మొదలవుతాయి.

ఇంకో మాట, చాలామంది ఆన్‌లైన్‌లో మోసపోయేది ఇక్కడే. మెడ నలుచదరంగా ఉన్న గిటారు ఒళ్లో పడుకోబెట్టి ఇనుప కడ్డీతో వాయించడానికే. తీగలు మెట్లకు బాగా ఎత్తులో ఉంటాయి, వేళ్లతో నొక్కలేం. మామూలుగా పట్టుకుని వాయించాలనుకుంటే గుండ్రటి మెడ కావాలి. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, మెడ వెనక ఫొటో అడిగి మరీ తెప్పించుకోండి. పొట్ట పొరలు అతికిన చెక్కదా, ఒకే పలక చెక్కదా అని అంత తర్కించక్కర్లేదు. మామూలు గిటారులో అది ప్రాణం. ఇక్కడ మాట్లాడేది ఎక్కువగా కోనే.

చివరగా పన్నెండో మెట్టు. తీగకు అది సరిగ్గా సగం కావాలి. అక్కడ వేలు తాకించీ తాకించనట్టు ఉంచి మీటి, తర్వాత నొక్కి మీటి, మొబైల్ ట్యూనర్‌లో రెండూ పోల్చాలి. అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే అందులో నాలుగైదు భాగాల తేడా పర్లేదు. మావాడి గిటారులో జుయ్యిమనడం పోయింది, ఐదు తీగలూ ఈ పరీక్షలో నెగ్గాయి. ఆరోది మాత్రం నొక్కినప్పుడు ఇంకా పది భాగాలు ఎక్కువే పలుకుతోంది. వాడికి దాని మీద చింత లేదు. గాజు స్లైడు వేలికి తొడుక్కున్నాక మెట్టెక్కడుందో ఎవరు చూడొచ్చారు మామయ్యా అంటాడు.