స్థాయిని ఎన్ని మెట్లుగా కోయాలి?

తంబురాలో మంద్ర షడ్జం తీగను ఒక్కదాన్నే మీటి, నాదం సన్నగిల్లేదాకా చెవి ఒగ్గితే ఎవరూ మీటని గాంధారం ఒకటి అందులోంచి పలుకుతుంది. విద్వాంసులు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. తీగ నిండుగానే కాక సగాలుగా, మూడో వంతులుగా, ఐదో వంతులుగా కూడా కంపిస్తుంది. అలా తోడుగా పుట్టే సన్నని స్వరాలే అనుస్వరాలు. షడ్జం నుంచి దానికి రెట్టింపు పౌనఃపున్యం గల పై షడ్జం దాకా ఒక స్థాయి. ఐదో అనుస్వరాన్ని రెండు స్థాయిలు దించితే షడ్జానికి 5/4 రెట్ల పౌనఃపున్యం గల అంతర గాంధారం వస్తుంది. మూడో అనుస్వరాన్ని ఒక స్థాయి దించితే 3/2, అంటే పంచమం.

ఇప్పుడు అదే గాంధారాన్ని కీబోర్డు మీద వినండి. షడ్జం 240 హెర్ట్జ్ అయితే స్వయంభూ గాంధారం 300. కీబోర్డు పలికేది 302.4. తేడా చిన్నదే, కానీ చెవి దాన్ని వదిలిపెట్టదు. షడ్జపు ఐదో అనుస్వరం 1200 దగ్గర, కీబోర్డు గాంధారపు నాలుగో అనుస్వరం 1209.5 దగ్గర ఉంటాయి. రెండు స్వరాలూ కలిపి నొక్కితే సెకనుకు తొమ్మిది పైచిలుకు విస్పందనాలు పుడతాయి. నాదం నిలకడగా ఉండదు, వణుకుతుంది. పంచమం సంగతి వేరు. 360 ఉండాల్సింది 359.6 ఉంటుంది, అంతే. పన్నెండు మెట్ల కీబోర్డు పంచమాన్ని కాపాడి గాంధారాన్ని పణంగా పెట్టింది.

ఇది తయారీ లోపం కాదు, అంకెల స్వభావం. 2, 3, 5 ప్రధాన సంఖ్యలు కాబట్టి ఒకదాన్ని ఎన్నిసార్లు హెచ్చవేసినా మరొకదాని ఘాతం రాదు. పంచమం మీద పంచమంగా పన్నెండు ఎక్కితే ఏడు స్థాయిల ఎత్తుకు చేరాలనిపిస్తుంది, కానీ కొంచెం దాటిపోతాం. చైనా రాకుమారుడు ఝూ జాయ్‌యూ 1584లో 2కు పన్నెండో మూలం లెక్కగట్టి, ఆ మిగులును పన్నెండు మెట్లకూ సమానంగా పంచే దారి చూపాడు. అయితే పన్నెండే ఎందుకు? 19, 22, 31, 53 మెట్ల పద్ధతులు కూడా ఉన్నాయి. వాటిని వేరువేరు వింతలుగా చూస్తే అసలు అందం జారిపోతుంది. అవన్నీ ఒకే కుటుంబం.

ఆ చుట్టరికం శంకరాభరణం ఆరోహణలోనే దొరుకుతుంది. శుద్ధ నిష్పత్తుల్లో పాడితే అందులో మూడే రకాల అంతరాలుంటాయి. స-రి, మ-ప, ద-ని మధ్య 9/8. రి-గ, ప-ద మధ్య 10/9. గ-మ, ని-స మధ్య 16/15. భరతుడి నాట్యశాస్త్రం చెప్పే చతుశ్రుతి, త్రిశ్రుతి, ద్విశ్రుతి అంతరాలను చాలామంది పండితులు ఈ మూడింటితోనే అన్వయిస్తారు, కాబట్టి ఆ పేర్లే వాడుకుందాం. మూడు చతుశ్రుతులు, రెండు త్రిశ్రుతులు, రెండు ద్విశ్రుతులు కలిస్తే ఒక స్థాయి. హెచ్చవేసి చూస్తే సరిగ్గా 2 వస్తుంది.

ఇక ప్రతి సమాన మెట్ల పద్ధతీ ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది: ఈ మూడు అంతరాలకూ చెరి ఎన్ని మెట్లు? పన్నెండు మెట్ల పద్ధతి జవాబు 2, 2, 1. మూడు రెళ్ళు ఆరు, రెండు రెళ్ళు నాలుగు, రెండు ఒకట్లు రెండు, మొత్తం 12. పంతొమ్మిది జవాబు 3, 3, 2. ముప్ఫై ఒకటి జవాబు 5, 5, 3. ఈ మూడింటిలోనూ మొదటి రెండు అంకెలూ సమానం. అంటే చతుశ్రుతికీ త్రిశ్రుతికీ ఉన్న తేడాను, 81/80ని, ఇవి సున్నా చేసేశాయి. యూరప్ సిద్ధాంతకారులు ఆ తేడాను కామా అన్నారు. మన సంప్రదాయంలో అదే ప్రమాణ శ్రుతి. స్థాయిని 1200 సెంట్లుగా విభజిస్తే అది 21.5 సెంట్లు.

22 మెట్ల పద్ధతి జవాబు 4, 3, 2. భరతుడు చెప్పిన అంకెలు అచ్చంగా ఇవే! అంతమాత్రాన ఆయన 22 సమాన భాగాలు చేశాడనుకోకూడదు. శుద్ధ నిష్పత్తులతో అన్వయిస్తే ఆ శ్రుతులన్నీ ఒకే కొలతకు రావు. కానీ 22 ఈ అంతరాల వరుసను చెరపకుండా నిలిపే ఒక చిన్న లెక్క అన్నది నిజం. ఇక 53 జవాబు 9, 8, 5. ఇందులో ప్రమాణ శ్రుతి సరిగ్గా ఒక మెట్టు. తుర్కీ సంగీత సిద్ధాంతంలో పూర్తి స్వరాంతరాన్ని తొమ్మిది కామాలుగా లెక్కించడం ఇక్కడికే సరిపోతుంది.

ఇప్పుడు ఈ జవాబులను కూడండి. (2, 2, 1)కి (3, 3, 2) కలిపితే (5, 5, 3). అంటే 12 + 19 = 31, మెట్ల మొత్తం ఒక్కటే కాదు, లోపలి నిర్మాణం కూడా. (5, 5, 3)కి (4, 3, 2) కలిపితే (9, 8, 5), అదే 53. ప్రమాణ శ్రుతిని రెండూ సున్నా చేస్తే వాటి కూడిక కూడా సున్నా చేసి తీరుతుంది. ఒకటి సున్నా, ఇంకొకటి ఒక మెట్టు ఇస్తే కూడిక ఒక మెట్టే ఇస్తుంది.

స్వరాల నాణ్యత కూడా ఈ కూడికను అనుసరిస్తుంది. 12లో గాంధారం నాలుగో మెట్టు, స్వయంభూ గాంధారం కన్నా 13.7 సెంట్లు ఎక్కువ. 19లో ఆరో మెట్టు, 7.4 సెంట్లు తక్కువ. రెండూ కలిస్తే 31లో పదో మెట్టు. ఎక్కువా తక్కువా ఒకదాన్నొకటి కొట్టేసుకుని 0.8 సెంటు మాత్రమే మిగులుతుంది. 22లో పంచమం 7.1 సెంట్లు ఎక్కువ, 31లో 5.2 తక్కువ. 53కు వచ్చేసరికి ఆ తేడా సెంటులో పదో వంతు కూడా లేదు. 53 పంచమాలు 31 స్థాయిలకు దాదాపు సమానమని క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలోనే చైనాలో జింగ్ ఫాంగ్ గమనించాడు. లాగరిథమ్‌లు లేని కాలంలో అంత దూరం లెక్కించిన ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

మరి ఇంత శుద్ధమైన 53 ఉండగా యూరప్ ప్రమాణ శ్రుతిని చెరిపే పద్ధతులనే ఎందుకు పట్టుకుంది? అక్కడి సంగీతం ఒక స్వరసమూహం నుంచి ఇంకొకదానికి నడుస్తుంది. కొన్ని నడకల్లో ప్రతి అంతరాన్నీ శుద్ధంగా పాడుకుంటూ తిరిగొస్తే మొదటి స్వరం దగ్గరికి రారు. ఒక్కో చుట్టుకూ ఒక ప్రమాణ శ్రుతి చొప్పున శ్రుతి జారిపోతుంది. ఇటలీ గణితజ్ఞుడు బెనెడెట్టి 16వ శతాబ్దంలోనే దీన్ని లెక్కతో చూపించాడు. ఆ తేడాను సున్నా చేస్తేనే ఆ చుట్టు మూసుకుంటుంది. షడ్జం కదలని మన కచేరీలో ఆ అవసరమే లేదు. అందుకే, నా దృష్టిలో, ఏ పద్ధతి మేలన్నది ఆ సంగీతం ఎటు నడుస్తుందో చూడకుండా తేల్చలేం.

1691లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ తన కాలపు వాద్యాల శ్రుతిని లాగరిథమ్‌లతో పరిశీలించి, అది 31 సమాన మెట్లకు ఇంచుమించు సరిపోతుందని ప్రకటించాడు. ఏడో అనుస్వరాన్ని కూడా లెక్కలోకి తెస్తే 31 విలువ ఇంకా పెరుగుతుంది. స్థాయిలోకి దించిన ఆ స్వరానికి, 7/4కు, 12 దాదాపు 31 సెంట్లు, 53 ఐదు సెంట్ల దాకా తప్పుతాయి. 31 తప్పేది ఒక సెంటు పైచిలుకే. హైగెన్స్ దేశానికే చెందిన భౌతికశాస్త్రవేత్త ఆడ్రియాన్ ఫోకర్ ఈ గుణాన్ని నమ్మి స్థాయికి 31 స్వరాల ఆర్గాన్ కట్టించాడు. 1950లో హార్లెంలోని టేలర్స్ మ్యూజియంలో నెలకొన్న ఆ ఆర్గాన్ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది.