బ్యారెల్ మారింది, అచ్చు మారలేదు: పాత మార్లిన్ రైఫిళ్ల మీద పడ్డ నింద వెనక కథ

పాత మార్లిన్ లీవర్ యాక్షన్ (కింది మీటను తిప్పి తూటా ఎక్కించే) రైఫిల్‌లో కాస్ట్ బుల్లెట్ గురికి నిలవదన్న మాట అమెరికా వేటగాళ్ల మధ్య మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. కాస్ట్ బుల్లెట్ అంటే సీసం మిశ్రమాన్ని కరిగించి, అచ్చులో పోసి, ఇంట్లో చేసుకునేది. 2020లో మార్లిన్ యజమాని రెమింగ్టన్ దివాలా తీసినప్పుడు మార్లిన్‌ను ఇంకో తుపాకుల కంపెనీ రూగర్ కొనుక్కుంది. 2021 డిసెంబరులో 1895 మోడల్, 2023లో 336 క్లాసిక్ రూగర్ చేతి మీదుగా బయటికొచ్చాయి. అప్పటినుంచి పాతది కొనాలా, కొత్తది కొనాలా అన్న చర్చ వస్తే చాలు, ఎవరో ఒకరు తేల్చేస్తారు: పాతదాంట్లో ఉండేది మైక్రో గ్రూవ్ బ్యారెల్ (లోపల లోతు తక్కువ గాడులు ఎక్కువగా ఉన్నది), అది సీసానికి పనికిరాదు అని.

ఈ తీర్పుకు డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ చరిత్రలోనే కనబడుతుంది. నా ఉద్దేశంలో అది బ్యారెల్‌లో జరగలేదు.

వించెస్టర్, మార్లిన్ కంపెనీల పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ అక్కర్లేదు. 1895లో వచ్చిన .30-30 తూటాతో వేట రైఫిల్ పొగలేని మందుకు మారిందనీ, బుల్లెట్ వేగం సెకనుకు దాదాపు 2000 అడుగులకు చేరిందనీ గుర్తుంచుకుంటే చాలు. అంత వేగానికి రాగి తొడుగున్న బుల్లెట్లు వచ్చాయి. సీసం వదలనివాళ్లు బుల్లెట్ అడుగున చిన్న రాగి టోపీ, అంటే గ్యాస్ చెక్, తొడిగి వాడుకున్నారు. అప్పట్లో బ్యారెల్ లోపల బుల్లెట్‌ను తిప్పే గాడుల లోతు సుమారు 0.004 అంగుళం. గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగుకు కొలత .308 అంగుళం అనుకుంటే, గట్ల (గాడుల మధ్య ఎత్తుగా మిగిలిన భాగాల) మధ్య ఖాళీ .300 వస్తుంది. అచ్చులు చేసేవాళ్లు లెక్క వేసుకున్నది ఈ కొలతలకే. బుల్లెట్ ఒళ్లు గాడుల్ని నింపాలి, ముక్కు గట్ల మీద ఆనుకుని తిన్నగా సాగాలి. కాబట్టి ముక్కు .300కి అటూ ఇటూగా ఉండేది.

1953లో మార్లిన్ మైక్రో గ్రూవ్ ప్రకటించింది. ముందు చిన్న .22 రైఫిళ్లలో, కొద్ది ఏళ్లకే 336లో దాన్ని పెట్టింది. పాత పద్ధతిలో ఒక్కో గాడినీ కోతపనిముట్టుతో పలుమార్లు గీకి చేసేవారు. కొత్త పద్ధతిలో గట్టి కార్బైడ్ బటన్‌ను బ్యారెల్ గుండా ఒక్కసారి లాగితే గాడులన్నీ ఒకేసారి పడతాయి. పని వేగంగా అవుతుంది, లోపలి భాగం నున్నగా వస్తుంది. .30-30లో పాత ఆరు గాడుల చోట పన్నెండు వచ్చాయి. లోతు మాత్రం సుమారు 0.0025కి తగ్గింది. రాగి తొడుగు బుల్లెట్లు ఈ బ్యారెళ్లలో బాగా గురికి నిలిచాయి. దీన్ని ఎవరూ కాదనరు.

ఇప్పుడు అదే లెక్క మళ్లీ వేయండి. గాడి కొలత .308, లోతు రెండు పక్కలా 0.0025. గట్ల మధ్య ఖాళీ .303 అయింది. పాత అచ్చులో పోసిన బుల్లెట్ ముక్కు .300 దగ్గరే ఉండిపోయింది. ఆనుకుని సాగాల్సిన ముక్కు లూజు చెప్పులో పాదంలా అటూ ఇటూ కదులుతుంది. బుల్లెట్ బ్యారెల్‌లోకి ఓ పక్కకి ఒరిగి ప్రవేశిస్తుంది, ఒరిగే బయటికొస్తుంది. దీని మీద ఇంకో పొరపాటు చేరింది. తొడుగు బుల్లెట్ .308 కదా అని, అచ్చులోంచి .311గా వచ్చిన సీసం బుల్లెట్‌ను కూడా డైలో (కొలతకు కుదించే ఉక్కు రంధ్రంలో) తోసి .308కి, మహా అయితే .309కి కుదించేవారు. గాడులు లోతు తక్కువైనప్పుడు పట్టు కోసం ఒళ్లు కాస్త లావుగా ఉండాలి. జనం సరిగ్గా దానికి ఎదురు చేశారు. బ్యారెల్ మారింది, అచ్చు మారలేదు, డై మారలేదు. గురి చెదిరింది. నింద బ్యారెల్ మీద పడింది.

విచారకరమైన విషయం ఇంకొకటి ఉంది. ఆ అచ్చుల్లో చాలావాటికి మూలమైన ఐడియల్ కంపెనీని 1910లో కొన్నది మార్లినే. 1925కల్లా అది లైమన్ అనే మరో కంపెనీ చేతికి పోయింది. అచ్చు, బ్యారెల్ ఒకే కప్పు కింద ఉండి ఉంటే 1953లో రెండూ కలిసి మారేవేమో.

మైక్రో గ్రూవ్‌ను తప్పుపట్టేవాళ్ల వాదన కూడా చెప్పాలి. వేగం సెకనుకు 1600, 1800 అడుగులు దాటితే మెత్తటి సీసం తక్కువ లోతు గాడుల్లో నిలవదు, తిరగకుండా జారిపోతుంది అంటారు. మార్లిన్ స్వయంగా 1990లలో కౌబాయ్ మోడళ్లలో, ఆ తర్వాత .45-70, .444 తూటాల రైఫిళ్లలో పాత తరహా లోతు గాడులకు తిరిగి వెళ్లడాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. జారడం నిజంగానే జరుగుతుంది. పేల్చాక చెదరకుండా దొరికిన బుల్లెట్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే, గట్టు పడిన గుర్తు ముందువైపు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. తిరగడం మొదలయ్యేలోపు కొంత దూరం తిన్నగా జారిందని దాని అర్థం. కానీ లోతు గాడుల బ్యారెల్‌లోనూ కొలత తక్కువైన బుల్లెట్ ఇలాగే జారుతుంది. కౌబాయ్ పోటీల్లో సీసమే పేలుస్తారు కాబట్టి కొనేవాళ్లు అడిగింది మార్లిన్ ఇచ్చింది. అదే మార్లిన్ మామూలు .30-30 336లో మాత్రం అప్పుడు మైక్రో గ్రూవ్‌ను వదలలేదు. ఇక 1960ల మధ్యలో వచ్చిన .444 సంగతి పూర్తిగా వేరు. దాని బ్యారెల్‌లో బుల్లెట్ ఒక్క చుట్టు తిరగడానికి 38 అంగుళాలు పట్టేది. పొడుగాటి, బరువైన సీసం బుల్లెట్‌కు ఆ తిప్పుడు చాలదు. ఆ చెడ్డపేరు కూడా గాడుల లోతు ఖాతాలోకే పోయింది.

గట్టి మిశ్రమం వాడితే సరిపోతుందన్న సలహా ఈ గొడవలోంచే పుట్టింది. ముద్రణ యంత్రాల లినోటైప్ లోహంలో సుమారు 84 పాళ్లు సీసం, 12 పాళ్లు ఆంటిమొనీ, 4 పాళ్లు తగరం. బ్రినెల్ కొలతలో దాని గట్టిదనం 22 దాకా ఉంటుంది. సీసం, తగరం, ఆంటిమొనీ 90-5-5 పాళ్లలో ఉండే లైమన్ నంబర్ 2 మిశ్రమానిది 15 దగ్గర. లినోటైప్ బుల్లెట్లు గురి కాగితం మీద దగ్గరదగ్గరగా పడతాయి కానీ జింక ఎముకకు తగిలితే పగిలి ముక్కలయ్యే ప్రమాదం ఉంది. పైగా కొలత తక్కువైన గట్టి బుల్లెట్ ఒత్తిడికి ఉబ్బి గాడుల్ని మూసుకోదు. వేడి గ్యాస్ పక్కలనుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి బ్యారెల్‌కు పూస్తుంది. మధ్యస్థ గట్టిదనం, సరైన లావు, గ్యాస్ చెక్ ఉన్న బుల్లెట్ వేటకు నయం. ఇప్పుడు ముడిసరుకు దొరకడమే కష్టమైంది. ఫొటో టైప్‌సెట్టింగ్ వచ్చాక లినోటైప్ పోయింది. కారు చక్రాలకు పెట్టే సీసం బరువుల చోట జింకు, ఉక్కు వచ్చాయి. కరిగించే కుండలో కాస్త జింకు కలిసినా పోత చెడుతుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం బుల్లెట్ వాడటమే నిషిద్ధం. అక్కడ ఈ చర్చ గురి మైదానానికే పరిమితం.

మిగతా చోట్ల పాత 336 ఉన్నవాళ్లు ముందు చేయాల్సింది కొలవడం. రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్‌కు నూనె రాసి, మెత్తటి సీసం గుండును మూతి నుంచి కర్రపుల్లతో నెమ్మదిగా తోయాలి. ఎక్కడ బిగువైందో, ఎక్కడ వదులైందో చేతికే తెలుస్తుంది. బయటికొచ్చిన గుండు మీద పన్నెండు గాడుల గుర్తులుంటాయి. సరిసంఖ్య కాబట్టి ఎదురెదురు గుర్తుల మధ్య మైక్రోమీటర్ సులువుగా కూర్చుంటుంది. .308 వస్తే .310 బుల్లెట్, .309 వస్తే .311 బుల్లెట్‌తో మొదలుపెట్టొచ్చు. ముక్కు పొట్టిగా ఉండి, పొడవులో ఎక్కువ భాగం పూర్తి లావుతో ఉన్న అచ్చు ఎంచుకోవాలి. లైమన్ 311041 ఈ తూటా కోసమే చేసిన పాత అచ్చు. నంబరులో మొదటి మూడు అంకెలు దాని కొలతే. ముక్కు చదునుగా ఉండటం కూడా తప్పనిసరి. గొట్టం మ్యాగజైన్‌లో ఒక బుల్లెట్ కొన ముందున్న తూటా ప్రైమర్‌కు (అడుగున మందును రగిలించే టోపీకి) ఆనుకుని ఉంటుంది. సూది మొనైతే కుదుపుకు అది పేలిపోవచ్చు. మ్యాగజైన్ స్ప్రింగు ఒత్తిడికి బుల్లెట్ వెనక్కి జరగకుండా కేసు అంచును నొక్కి పట్టించే క్రింప్ గాడి కూడా బుల్లెట్ మీద ఉండాలి.

లావు పెంచడానికీ ఒక హద్దుంది. కాల్చిన ఖాళీ కేసు (తూటా ఇత్తడి గొట్టం) మెడ లోపలి కొలత తీసుకుంటే అది తెలుస్తుంది. బుల్లెట్ ఆ కొలత కన్నా కనీసం అంగుళంలో వెయ్యో వంతైనా సన్నగా ఉండాలి. లేకపోతే పేలేటప్పుడు మెడ వ్యాకోచించి బుల్లెట్‌ను వదిలే చోటు ఉండదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. బ్యారెల్ .311 అడుగుతూ మెడ .310కే ఒప్పుకునే రైఫిళ్లున్నాయి. వాటి విషయంలో మైక్రో గ్రూవ్‌ను తప్పుపట్టేవాళ్లు రైఫిల్‌లోనే అడ్డంకి ఉందంటే ఒప్పుకోవచ్చు. ఆ అడ్డంకి గాడుల్లో లేదు, తూటా కూర్చునే చాంబర్‌లో ఉంది.