ఎక్స్‌డీబగ్ ఉంటేనే ప్రోగ్రాం ఎందుకు పడిపోతోంది?

వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ వెర్షన్ మార్చినప్పుడల్లా లేచే గొడవే మళ్ళీ లేచింది. సర్వర్‌లో బాగానే నడుస్తున్న ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌లో క్రాష్ అవుతుంది. టెర్మినల్‌లో ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ (తాకకూడని మెమరీని తాకడం) అన్న రెండు మాటలే మిగులుతాయి. కోడ్‌లో తప్పులు వెతకడానికి పీహెచ్‌పీకి తగిలించే ఎక్స్‌టెన్షన్ ఎక్స్‌డీబగ్‌ను ఆపేస్తే ఆ క్రాష్ రాదు. అందుకే తప్పంతా ఆ ఎక్స్‌టెన్షన్‌దేనని, అందరి మెషీన్లలోంచీ తీసెయ్యాలని కొందరంటున్నారు.

2002 నుంచీ ఉన్న పనిముట్టు ఇది, పరిచయం అక్కర్లేదు. చూడాల్సింది అది కోడ్‌ను నడిపే పీహెచ్‌పీ ఇంజన్‌లో ఎక్కడ చేరిందన్నది. మన ఫంక్షన్ ఒకటి ఇంకోదాన్ని పిలిస్తే ఇంజన్ మామూలుగా సీ స్టాక్ (ఫంక్షన్ పిలుపుల కోసం ప్రాసెస్‌కుండే పరిమిత మెమరీ) వాడుకోదు, తన సొంత మెమరీలోనే లెక్క రాసుకుంటుంది. కానీ ప్రతి పిలుపునూ గమనించాలంటే, ఎక్స్‌టెన్షన్లకు ఇంజన్ చాలాకాలం ఇచ్చిన దారి కోడ్‌ను నడిపే దాని ‘జెండ్_ఎగ్జిక్యూట్_ఈఎక్స్’ ఫంక్షన్ స్థానంలో తమ ఫంక్షన్ పెట్టుకోవడమే. అలా పెట్టగానే ప్రతి పిలుపూ సీ స్టాక్ మీద ఒక మెట్టు ఎక్కుతుంది. లైనక్స్‌లో ఆ స్టాక్ మామూలుగా 8 ఎంబీ. అది నిండితే ఎర్రర్ మెసేజ్ రాసే అవకాశం కూడా లేకుండా ప్రాసెస్ చచ్చిపోతుంది.

ఈ ప్రమాదం ఎక్స్‌డీబగ్‌కు తెలియనిది కాదు. అందుకే పిలుపుల లోతుకు హద్దు పెట్టింది: మొదట 100, 2015లో 256. దాటితే ఫలానా చోట ఆగిందని చెప్పి ఆపేసేది. ఫ్రేమ్‌వర్కులు వాడేవాళ్ళకు ఈ మెసేజ్ విసుగైంది. హద్దును పదివేలకు పెంచేసే సలహా ఒకరి నుంచి ఒకరికి పాకింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. కాపలాను మనమే తీసేశాం.

2020లో పీహెచ్‌పీ 8.0 అబ్జర్వర్ ఏపీఐ తెచ్చింది, ఇంజన్ ఫంక్షన్‌ను మార్చకుండానే పిలుపులను గమనించడానికి. కోడ్‌ను నడిచేటప్పుడే మెషీన్ భాషలోకి మార్చే జేఐటీ వచ్చిందీ అప్పుడే. పాత దారి పట్టిన ఎక్స్‌టెన్షన్ ఉంటే జేఐటీ దానంతటదే ఆగిపోయేది. 2023లో 8.3 స్టాక్ నిండకముందే ఎర్రర్ విసరడం నేర్చుకుంది. లోపం ఇంజన్ వైపూ ఉందని ఈ మార్పులే చెబుతున్నాయి. ఎక్స్‌టెన్షన్‌ను తప్పుపట్టేవాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు: లోతైనా ఎక్కడో ముగిసే రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) కూడా దానివల్ల క్రాష్ కావచ్చు.

మా టీమ్‌లో జరిగింది మాత్రం అది కాదు. మేమూ హద్దు పెంచుకున్నవాళ్ళమే. సెగ్మెంటేషన్ ఫాల్ట్‌కు గుర్తైన ఎగ్జిట్ కోడ్ 139 చూసి జీడీబీ అనే డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ (పిలుపుల జాబితా) తీశాం. అవే రెండు మూడు ఫంక్షన్ పేర్లు వేల వరసలు దిగుతూ పోయాయి. ‘ఎక్స్‌డీబగ్_మోడ్’ను ఆఫ్‌లో పెట్టి నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ పోయి, 128 ఎంబీ మెమరీ అయిపోయిందన్న ఎర్రర్ లైన్ నంబరుతో సహా వచ్చింది. ఆ లైను కేటగిరీల చెట్టు కట్టే ఫంక్షన్‌లోది. టెస్ట్ డేటాలో ఒక కేటగిరీకి పేరెంట్‌గా దాని ఐడీయే రాసి ఉంది. అందుకే ఆ ఫంక్షన్ అంతులేకుండా తనను తానే పిలుచుకుంటూ పోయింది.