షేక్‌స్పియర్ మీద అనుమానం ఎప్పుడు మొదలైంది?

‘లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’ డాక్యుమెంటరీ 2012లో వచ్చింది. షేక్‌స్పియర్ నాటకాలు ఆయనవి కావు, ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వీర్‌వి అనే వాదానికి అందులో పెద్దపీట వేశారు. ఇది ఎక్కడ చూడొచ్చంటారా, ఇలాంటి సినిమాలు ఏ ఓటీటీలో ఉంటాయన్నది దేశాన్ని బట్టి మారుతుంది. జస్ట్‌వాచ్‌లాంటి సైట్‌లో మన దేశం ఎంచుకుని, పేరు కొట్టి చూసుకోవాలి. కానీ చూసే ముందు ఈ గొడవ వయసెంతో తెలుసుకోవడం మంచిది.

షేక్‌స్పియర్ 1616లో పోయాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా ఇది పెద్ద వివాదమే కాలేదు. 1857లో డెలియా బేకన్ అనే అమెరికన్ రచయిత్రి, ఫ్రాన్సిస్ బేకన్, వాల్టర్ రాలీ లాంటి పెద్దలు కలిసి ఈ నాటకాలు రాశారని పుస్తకం వేసింది. అంతకుముందే ఒక రాత్రంతా ఆయన సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో షేక్‌స్పియర్ సమాధి దగ్గర గడిపింది. రుజువులు ఆ సమాధిలోనే ఉన్నాయని ఆమె నమ్మకం. చివరికి సమాధి తెరవకుండానే వచ్చేసింది. పుస్తకం వచ్చిన రెండేళ్లకే మతి చలించిన స్థితిలో చనిపోయింది. ఆమె వాదం ఒప్పుకోలేను గానీ, ఆ కథ చదివితే బాధేస్తుంది.

డి వీర్ పేరును 1920లో ముందుకు తెచ్చింది థామస్ లూనీ అనే ఇంగ్లీషు బడిపంతులు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ అంతటివాడు కూడా నమ్మాడు. చిక్కేమిటంటే డి వీర్ 1604లోనే చనిపోయాడు. ‘మాక్‌బెత్’, ‘టెంపెస్ట్’ ఆ తర్వాత రాసినవని ఎక్కువమంది పండితుల లెక్క.

అసలు అనుమానమంతా చేతి తొడుగులు కుట్టేవాడి కొడుక్కి, యూనివర్సిటీ మొహం చూడనివాడికి ఇంత చదువెక్కడిదని. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఆయన కాలపు నాటకకర్త బెన్ జాన్సన్ కూడా యూనివర్సిటీలో చదవలేదు, సవతి తండ్రి తాపీ మేస్త్రీ. అయినా ఆ కాలంలో గొప్ప పండితుడనిపించుకున్నాడు. షేక్‌స్పియర్ తన వీలునామాలో తోటి నటులు హెమింగ్స్, కాండెల్‌లకు ఉంగరాలు కొనుక్కోమని డబ్బు రాశాడు. 1623లో 36 నాటకాలను ఆయన పేరుతో అచ్చు వేయించింది ఆ ఇద్దరే. దానికి మెచ్చుకోలు పద్యం రాసింది జాన్సనే.

షేక్‌స్పియర్ అన్నీ ఒక్కడే రాయలేదన్నది మాత్రం నిజం. 1634లో అచ్చయిన ‘ది టూ నోబుల్ కిన్స్‌మెన్’ ముఖపత్రం మీదే షేక్‌స్పియర్‌తో పాటు మరో నాటకకర్త జాన్ ఫ్లెచర్ పేరు కూడా ఉంది. 2016 నాటి న్యూ ఆక్స్‌ఫర్డ్ షేక్‌స్పియర్ రచనల సంపుటం ‘హెన్రీ ది సిక్స్త్’ మూడు భాగాలకూ ఆ కాలపు మరో నాటకకర్త మార్లోను సహరచయితగా చూపింది. డాక్యుమెంటరీ తీయాల్సింది ఈ జంట రచనల మీద అని నాకనిపిస్తుంది.