ఆరడుగులు వెనక్కి జరిగిన పిచ్చర్

కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేస్తున్న పాఠకులొకరు ఒక సందేహం రాసి పంపారు. వారు సాయంత్రం పూట పిల్లల చేత స్లో పిచ్ సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్‌ను పోలిన ఆటలో, బంతిని నెమ్మదిగా వంపు తిరిగేటట్టు విసిరే రకం) ఆడిస్తున్నారు. బంతి విసిరే పిచ్చర్‌ను, బ్యాటర్ పక్కన నేల మీద ఉండే ప్లేటు అనే పలకకు 50 అడుగుల దూరంలోని గీత దగ్గర కాకుండా మరో ఆరడుగులు వెనక నిలబెడితే, బంతి ఎక్కువ దూరం ప్రయాణించాలి కనుక బ్యాటర్‌కు ఎక్కువ వ్యవధి దొరకాలి. కానీ తమ పిల్లలు అప్పుడే ఎక్కువగా గాలిలో బ్యాట్ ఊపుతున్నారు, ఎందుకని? ఈ ప్రశ్నలో భౌతికశాస్త్రం ఎంత ఉందో తలచుకుంటే నాకు పట్టరాని సంతోషం కలిగింది.

సాఫ్ట్‌బాల్‌లోనే మరో రకమైన ఫాస్ట్ పిచ్ ఆటలో మహిళల పిచ్చర్ 43 అడుగుల దూరం నుంచి విసిరే బంతి సెకనులో సగం కూడా గడవకముందే ప్లేటు దాటుతుంది. అక్కడ వేగమే ఆయుధం. స్లో పిచ్‌లో ఆ ఆయుధం లేదు. చేతిని కిందినుంచి ఊపి, బంతి పైకి లేచి వంపు తిరిగి దిగేటట్టు విసరాలి. అమెరికాలోని కొన్ని నియమావళుల ప్రకారం ఆ వంపు శిఖరం నేల నుంచి 6 అడుగులకు తగ్గకూడదు, 12 అడుగులకు మించకూడదు. కొన్ని నియమావళులలో, ముఖ్యంగా వయసు మళ్లినవారి పోటీలలో, పిచ్చర్ 50 నుంచి 56 అడుగుల మధ్య తనకు నచ్చిన చోట నిలబడి విసరవచ్చు. ఎత్తు, దూరం అనే ఈ రెండింటితోనే పిచ్చర్ తన వ్యూహమంతా అల్లుకోవాలి.

బంతి గాలిలో ఎంతసేపు ఉంటుందన్నది అది ఎంత దూరం వెళ్లిందన్న దాని మీద ఆధారపడదు. ఎంత ఎత్తుకు లేచిందన్న దాని మీదే ఆధారపడుతుంది. నడుము ఎత్తున, అంటే సుమారు 90 సెంటీమీటర్ల దగ్గర, చేతిని వదిలిన బంతి 12 అడుగుల శిఖరాన్ని అందుకోవడానికి 0.75 సెకను, అక్కడి నుంచి బ్యాటర్ నడుము ఎత్తుకు దిగడానికి మరో 0.75 సెకను, మొత్తం ఒకటిన్నర సెకను పడుతుంది. పిచ్చర్ 50 అడుగుల దగ్గర ఉన్నా, 56 అడుగుల దగ్గర ఉన్నా ఈ ఒకటిన్నర సెకను మారదు. వెనక్కి జరిగిన పిచ్చర్ బంతిని ముందుకు కాస్త వేగంగా తోయాలి, అంతే: సెకనుకు 10.2 మీటర్లకు బదులు 11.4 మీటర్లు. శిఖరాన్ని 6 అడుగులకు తగ్గిస్తే మాత్రం ప్రయాణకాలం ఒక్కసారిగా 0.87 సెకనుకు పడిపోతుంది.

ఇంటర్మీడియట్‌లో ప్రక్షేపకాల (గాలిలోకి విసిరిన వస్తువుల) పాఠం చెప్పేటప్పుడు మనం, వస్తువు ఎంత దూరంలో పడుతుందో చెప్పే వ్యాప్తి సూత్రాన్ని కంఠస్థం చేయిస్తాం, కోణాలు ఇచ్చి లెక్కలు చేయిస్తాం. కానీ నిలువు చలనం ఒక గడియారమని, అడ్డ చలనానికి ఆ గడియారంతో సంబంధం లేదని పిల్లలకు కళ్లకు కట్టినట్టు చూపించం. పాఠాన్ని ఒక్కరోజు నల్లబల్ల దగ్గర ఆపి నెల్లూరు వి.ఆర్. కళాశాల మైదానానికి తీసుకువెళ్లి, ఒకే ఎత్తులో రెండు దూరాల నుంచి బంతులు విసిరించి, స్టాప్‌వాచ్ పిల్లల చేతికే ఇస్తే ఆ సూత్రం జన్మలో మరచిపోరు.

వ్యవధి మారనప్పుడు బ్యాటర్ ఎందుకు తడబడతాడు అన్నదే ఇక మిగిలిన ప్రశ్న. దీనికి దారి చూపే ఆలోచనను సెవిల్ ఛాప్‌మన్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త 1968లో ప్రతిపాదించారు. ఆయన మాట్లాడింది క్యాచ్ పట్టే ఫీల్డర్ గురించి. బంతి మన కంటికంటే ఎంత ఎత్తున ఉందో, ఆ ఎత్తును మన నుంచి దానికున్న అడ్డ దూరంతో భాగిస్తే వచ్చే సంఖ్యను వాలు అందాం. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, నేరుగా మన దగ్గరికే వచ్చే బంతి వాలు మొదటి నుంచి చివరి దాకా ఒకే రేటున పెరుగుతూ ఉంటుంది. ఆ పెరుగుదల నెమ్మదిస్తే బంతి మన ముందు పడుతుంది. జోరందుకుంటే మన తల మీదుగా పోతుంది. స్లో పిచ్ బ్యాటర్ కూడా పైకి లేచి తనవైపే దిగే బంతిని చూస్తాడు కనుక, అతని కంటికీ ఇదే ఆధారమని నా అభిప్రాయం.

ఇక్కడ బీజగణితం ఒక అందమైన విషయాన్ని బయటపెడుతుంది. గురుత్వ త్వరణాన్ని బంతి అడ్డవేగానికి (ముందుకు సాగే వేగానికి) రెట్టింపుతో భాగిస్తే ఆ వాలు పెరిగే రేటు వస్తుంది. అందులో ఎత్తు లేదు, దూరమూ లేదు, ఉన్నది అడ్డవేగం ఒక్కటే. కాబట్టి అడ్డవేగం సమానంగా ఉన్న రెండు బంతులు, శిఖరాలు వేరైనా, బ్యాటర్ కంటికి ఒకే లయలో లేస్తాయి. 50 అడుగుల నుంచి సుమారు 10 అడుగుల శిఖరంతో వచ్చే బంతి అడ్డవేగం సెకనుకు 11.4 మీటర్లు. 56 అడుగుల నుంచి 12 అడుగుల శిఖరంతో వచ్చే బంతి అడ్డవేగమూ సరిగ్గా అంతే. మొదటిది 1.34 సెకన్లలో చేరుతుంది, రెండోది 1.5 సెకన్లలో. లయ ఒక్కటే, రాక మాత్రం 0.16 సెకను ఆలస్యం. రెండు కళ్ల సాయంతో లోతును పసిగట్టే శక్తి అంత దూరాన బలహీనం కనుక, ఆరడుగుల తేడా బ్యాటర్‌కు ఉండవలసినంత స్పష్టంగా తెలియదు.

ఆ 0.16 సెకను స్వల్పమని అనుకోకూడదు. బంతి వ్యాసం 9.7 సెంటీమీటర్లు, బ్యాట్ లావు 5.7 సెంటీమీటర్లు. బ్యాట్‌ను నేలకు సమాంతరంగా ఊపేవారికి, సెకనుకు 7.35 మీటర్ల చొప్పున కిందికి దిగుతున్న బంతి బ్యాట్‌కు కనీసం తగిలే అవకాశం సెకనులో యాభయ్యో వంతు సేపే ఉంటుంది. అంటే బ్యాటర్ పడే పొరపాటు అతనికున్న అవకాశానికి ఎనిమిది రెట్లు. 10 అడుగుల శిఖరంతో వచ్చే బంతికి అలవాటు పడిన చేయి తొందరపడి ఊగిపోతుంది, బంతి తీరుబడిగా దిగి ప్లేటు దాటుతుంది.

కొందరు పిచ్చర్ల విషయంలో మన ఊళ్లలో దీన్ని హస్తవాసి అంటారు. ఆటకు ముందు బ్యాట్ చుట్టూ నిమ్మకాయ తిప్పేవారూ ఉన్నారు. ఆ పిచ్చర్ చేతిలో ఉన్నది సాధనతో వచ్చిన నేర్పు. దాన్ని కొలవవచ్చు, మరొకరికి నేర్పవచ్చు. హస్తవాసి అని పేరు పెట్టిన మరుక్షణమే, అది మనకు రాదులే అని మిగతా పిల్లలు ప్రయత్నం మానుకుంటారు. నాకు బాధ కలిగించేది అదే.

వెనక్కి జరగడంలో పిచ్చర్‌కు ఒక నష్టమూ ఉంది. 12 అడుగుల శిఖరంతో విసిరిన బంతి 50 అడుగుల నుంచి వస్తే 36 డిగ్రీల కోణంలో దిగుతుంది. 56 నుంచి అయితే 33 డిగ్రీలే. ప్లేటు లోతు 43 సెంటీమీటర్లు. ఆ కాస్త మేరలో మొదటి బంతి 31 సెంటీమీటర్లు దిగితే, రెండోది 28 దిగుతుంది. నిటారుగా దిగే బంతినే కొట్టడం కష్టం కనుక, ఎప్పుడూ వెనకే ఉండే పిచ్చర్ తన పదును కొంత పోగొట్టుకుంటాడు. ముందుకూ వెనక్కూ మారుతూ, ఎత్తును కూడా మారుస్తూ ఉంటేనే ఫలితం. గట్టిగా కొట్టిన బంతి నేరుగా మీదికి వచ్చినప్పుడు తప్పుకోవడానికి మాత్రం ఆ ఆరడుగులు నిజంగా మేలు చేస్తాయి.

పై లెక్కలన్నిటిలో గాలిని వదిలేశాను. నిశ్చలమైన గాలిలో నిరోధం బంతి బరువులో ఎనిమిదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. మన తీరంలో మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి తూర్పుగాలి తిరుగుతుంది. గంటకు 14 కిలోమీటర్ల ఎదురుగాలిలో, 12 అడుగుల బంతి దాదాపు ఒక మీటరు ముందే పడిపోతుంది. అందుచేత తూర్పుముఖంగా విసిరే పిచ్చర్ సాయంత్రం పూట వెనక్కి జరగకపోవడమే మంచిది.

సాధనకు ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. రెండు గుంజలు పాతి, నేల నుంచి 12 అడుగుల ఎత్తున ఒక తాడు, 10 అడుగుల ఎత్తున మరొకటి కట్టాలి. వంపు శిఖరం సరిగ్గా నడిమధ్యన వస్తుంది కనుక, 50 అడుగుల నుంచి విసిరేటప్పుడు గుంజలు ప్లేటుకు 25 అడుగుల దూరంలో, 56 నుంచి విసిరేటప్పుడు 28 అడుగుల దూరంలో ఉండాలి. బంతి పై తాడును ఒరుసుకుంటూ వెళ్లి ప్లేటు మీద దిగడం రెండు దూరాల నుంచీ కుదిరాక, 50 అడుగుల నుంచి కింది తాడు ఎత్తున విసిరే బంతిని, 56 అడుగుల నుంచి పై తాడు ఎత్తున విసిరే బంతిని కలగలిపి, ఏది ఎప్పుడు వస్తుందో చెప్పకుండా బ్యాటర్‌కు విసరాలి.