ఇంటి దగ్గర

చిన్నూ, స్వీటీ,

మీ ఉత్తరం అందింది. సత్యోపదేశం క్లాసులో "పిల్లల కోసం బతికిన ఒకరి గురించి రాసుకురండి" అన్నారనీ, పోయిన నెల ఫోన్లో నేను చెప్పిన నైరోబీ ఫాదర్ గారి గురించి రాద్దామనుకుంటున్నారనీ చదివి చాలా సంతోషించాను. స్వీటీ అడుగున పెన్సిలుతో ఇంకో ప్రశ్న రాసింది: "అమ్మమ్మా, ఆ తాతగారికి జబ్బు చేసేనాటికి ఆ పిల్లలందరూ బతికే ఉన్నారా?" దానికి జవాబు చెప్తాను. కానీ ముందు మిగతాదంతా తెలియాలి.

ఆయన పేరు ఫాదర్ ఆంజెలో డి అగోస్టినో. అందరూ ఫాదర్ డాగ్ అనేవారు. 1926లో అమెరికాలో, ఇటలీ నుంచి వలస వచ్చిన వాళ్లింట్లో పుట్టారు. మొదట సర్జన్. అమెరికా వైమానిక దళంలో ఆపరేషన్లు చేశారు. తర్వాత యేసు సభలో చేరారు. విజయవాడలో మీ తాతయ్య చదివిన లయోలా కాలేజీ ఉంది చూడండి, దాన్ని నడిపే సభే. అక్కడితో ఆగకుండా మనసు జబ్బుల డాక్టరు కూడా అయ్యారు. 1966లో గురువుగా, అంటే చర్చి ఫాదర్‌గా, అభిషేకం పొందారు. కాందిశీకుల సేవ కోసం ఆఫ్రికా వెళ్లి, కెన్యా రాజధాని నైరోబీలో ఉండిపోయారు.

అప్పట్లో అక్కడ ఎయిడ్స్ ఇంటింటికీ పాకుతోంది. హెచ్ఐవి ఉందని తేలిన పసిబిడ్డల్ని ఆసుపత్రుల్లోనే వదిలేసి పోయేవాళ్లు. మామూలు అనాథాశ్రమాలు వాళ్లను చేర్చుకునేవి కావు. ఎలాగూ చనిపోతారు కదా అని. 1992 సెప్టెంబరులో ఫాదర్ గారు, లొరెటో అనే కన్యాస్త్రీల సభకు చెందిన సిస్టర్ మేరీ ఓవెన్స్ కలిసి ముగ్గురు పిల్లలతో ఒక ఇల్లు తెరిచారు. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. మా ఆసుపత్రిలో ఆ వయసు డాక్టర్లు రిటైరై ఎనిమిదేళ్లయి ఉండేది. ఆ ఇంటికి "న్యుంబాని" అని పేరు పెట్టారు. స్వాహిలీ భాషలో "ఇంటి దగ్గర" అని అర్థం. ఆశ్రమమనీ వార్డనీ అనకుండా ఇల్లు అన్నారు చూడండి, నాకు ఆయన మీద గౌరవం కలిగింది ముందు ఆ పేరు వల్లే.

ఇక్కడ ఒక సంగతి మీకు సరిగ్గా అర్థం కావాలి. నేను నర్సుని కాబట్టి కాస్త ఓపిగ్గా చెప్తాను. తల్లికి హెచ్ఐవి ఉంటే, ఆమె రక్తంలోని యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునేవి, బిడ్డకూ వస్తాయి. పుట్టగానే మామూలు రక్తపరీక్ష చేస్తే పాజిటివ్ అని చూపిస్తుంది. పరీక్ష పట్టుకున్నది తల్లి యాంటీబాడీలనే. బిడ్డలో నిజంగా వైరస్ ఉందో లేదో దాంతో తేలదు. ఏడాదిన్నర వచ్చేసరికి ఆ యాంటీబాడీలు పోతాయి. మందులు లేని ఆ రోజుల్లో కూడా, తల్లి నుంచి వైరస్ నిజంగా సోకేది అటూ ఇటూగా ముగ్గురిలో ఒకరికే. అంటే వదిలేసిన బిడ్డల్లో చాలామందికి అసలు జబ్బే లేదు! అన్నం పెట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని, ఏడాదిన్నర ఎదురుచూసేవాళ్లు లేక అలాంటి పిల్లలెందరో పోయారు. న్యుంబానిలో ఎదురుచూశారు.

నిజంగా వైరస్ ఉన్న పిల్లల మాట వేరు. మందులున్నాయి. కానీ వాటి ఖర్చు 2000 సంవత్సరం నాటికి ఒక మనిషికి ఏడాదికి పదివేల డాలర్ల పైనే, అంటే అప్పటి లెక్కలో నాలుగున్నర లక్షల రూపాయల పైమాటే. 2001 ఫిబ్రవరిలో మన ముంబయి కంపెనీ సిప్లా, అవే మందులు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామంది. పదహారు వేల రూపాయలు! కానీ హక్కులున్న కంపెనీ తప్ప ఇంకొకరు ఆ మందు అమ్మకూడదనే పేటెంట్ల చట్టాలు అడ్డం. ఫాదర్ గారు ఊరుకోలేదు. చట్టం ఏమన్నా సరే, ఇండియా మందులు తెప్పించి మా పిల్లలకు వేస్తామని పత్రికల ముందే చెప్పారు. ఆ ఏడే కెన్యా పార్లమెంటు చట్టం మార్చింది. ఆయన ఒక్కరి వల్లే అనను, చాలామంది పోరాడారు. తర్వాతి ఏళ్లలో మన హైదరాబాద్ కంపెనీలు అరబిందో, హెటెరో కూడా ఆఫ్రికాకు ఈ మందులు పంపాయి. జీడిమెట్ల మీదుగా బస్సులో వెళ్లినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇంకో గొడవ బడులతో. నైరోబీలో సర్కారు బడులు న్యుంబాని పిల్లల్ని చేర్చుకునేది లేదన్నాయి. 2004లో ఆయన కోర్టుకెక్కారు. పిల్లల్ని చేర్చుకుంటామని ప్రభుత్వం ఒప్పుకుంది.

ఆ సంవత్సరాల్లోనే నేను గుంటూరు జిల్లాలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. హెచ్ఐవి ఉన్న ఏడేళ్ల బాబు ఒకడు మా వార్డు వరండా చివర మంచం మీద ఉండేవాడు. వాళ్ల ఊరి బడిలో వద్దన్నారు. మేమూ తక్కువ తినలేదు. కంచం దూరం నుంచి జరిపేవాళ్లం. నేనూ జరిపాను. ముట్టుకుంటే రాదని నాకు తెలుసు, పుస్తకంలో చదువుకున్నాను, అయినా జరిపాను. ఫాదర్ గారు పిల్లల్ని భుజాన వేసుకున్న ఫొటో ఒక పత్రికలో చూసిన మర్నాడు వెళ్లి వాడి పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టాను. ఇది మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. మన దగ్గర సర్కారు ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్లో మొదలైంది. ఆ బాబుకు అవి అందలేదు.

ఫాదర్ గారు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది చివరిది. ఎయిడ్స్ అక్కడ నడివయసు తరాన్ని తీసుకుపోయింది. కొడుకుల్ని పోగొట్టుకున్న అవ్వలు ఒకవైపు, అమ్మానాన్న లేని పిల్లలు ఒకవైపు మిగిలారు. వీళ్లను కలిపి ఒక్కో ఇంట్లో ఉంచితే? కితుయి అనే మెట్టప్రాంతంలో వెయ్యి ఎకరాలు సంపాదించి అలాంటి ఊరే కట్టించారు. ఒక్కో అవ్వకో తాతకో ఒక ఇల్లు, ఆ ఇంట్లో తమ మనవలతో పాటు తమవాళ్లు కాని పిల్లలు కూడా. అందరూ కలిసి పదిమంది దాకా పిల్లలు. 2006లో ఆ ఊళ్లోకి మొదటి కుటుంబాలు వచ్చాయి. ఇద్దరు మనవలకే ఉత్తరం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఆ అవ్వల ఓపికకు దణ్ణం పెట్టాలి.

ఆ ఏడాదే ఫాదర్ గారు జబ్బుపడి నైరోబీలో ఆసుపత్రిలో చేరారు. నవంబరు 20న గుండె ఆగి కన్నుమూశారు. ఎనభై ఏళ్లు. సిస్టర్ మేరీ ఓవెన్స్ ఆ పని అందుకున్నారు. ఏటా ఆ రోజున నేను గుడిలో రెండు కొవ్వొత్తులు వెలిగిస్తాను. ఒకటి ఆయనకు, ఒకటి వరండా బాబుకు.

స్వీటీ, ఇప్పుడు నీ ప్రశ్న. లేదమ్మా, అందరూ బతికి లేరు. మందులు రాకముందు వచ్చిన పిల్లలు చాలామంది పోయారు. వాళ్ల పక్కన ఎవరో ఒకరు కూర్చుని ఉండగా పోయారు. మందులు వచ్చాక మాత్రం చావులు బాగా తగ్గాయి. ఆయన మంచాన ఉన్న ఆ నవంబరులో న్యుంబాని పిల్లలు పొద్దున మాత్ర వేసుకుని, యూనిఫాం తొడుక్కుని బడికి వెళ్తున్నారు.

ఇది మీ మాటల్లో రాయండి, నావి దింపకండి. క్రిస్మస్‌కి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురండి, చూస్తాను.

మీ అమ్మమ్మ